తిరిగి వాడుకునే అయానిక్ లిక్విడ్లతో ఆర్గానిక్ సింథసిస్: తరచుగా అడిగే ప్రశ్నలు

అయానిక్ లిక్విడ్ అంటే ఏమిటి? ఉప్పునీళ్ళకీ దీనికీ తేడా ఏముంది?

ఉప్పునీళ్ళలో నీరే ఎక్కువ, అయాన్లు కొద్దిగా ఉంటాయి. అయానిక్ లిక్విడ్‌లో నీరు ఉండదు, మొత్తం ఉప్పే. కాటయాన్ (ధన అయాన్) పెద్దదిగా, వంకరగా ఉండటంతో అది ఆనయాన్‌తో (రుణ అయాన్‌తో) కలిసి స్ఫటికంగా సర్దుకోలేదు. అందుకే తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది. 100 డిగ్రీల లోపు కరిగే లవణాలను ఈ పేరుతో పిలవడం ఆనవాయితీ. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్‌అమోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుంది. ఆ తర్వాత చాలాకాలం వాడుకలో ఉన్నవి అల్యూమినియం క్లోరైడ్‌తో చేసినవి. గాలిలో తేమ తగిలితే చాలు, వాటి నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు వస్తాయి. 1992లో విల్క్స్, జవరోట్కో గాలికీ నీటికీ తట్టుకునే ఇమిడజోలియం లవణాలు చేసి చూపించాకే మామూలు ఆర్గానిక్ ల్యాబులు వీటివైపు చూశాయి.

ఇకపై 1-బ్యూటైల్-3-మిథైల్‌ఇమిడజోలియం అని ప్రతిసారీ రాయకుండా, ల్యాబుల్లో పిలిచినట్టే బీమిమ్ అంటాం.

ఆవిరి కాదు కాబట్టి గ్రీన్ (పర్యావరణానికి మేలైనది) అంటారు. ఇది నిజమేనా?

సగమే నిజం. మామూలు పరిస్థితుల్లో వాటి ఆవిరి పీడనం లెక్కకు రానంత తక్కువ, కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోకి సాల్వెంట్ ఆవిర్లు పోవు. అయితే కొన్నిటిని అధిక వ్యాక్యూమ్‌లో, అధిక ఉష్ణోగ్రతలో డిస్టిల్ చేయవచ్చని 2006లో తేలింది, కాబట్టి 'అసలు ఆవిరే కావు' అన్నది సరికాదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. సాల్వెంట్ ఆవిరై పోకపోవడం రియాక్షన్ జరిగేటప్పుడు లాభం, ఉత్పత్తిని బయటికి తీసేటప్పుడు నష్టం. రెండు గ్రాముల ఉత్పత్తి కోసం ఐదు గ్రాముల అయానిక్ లిక్విడ్ వాడి, దాన్ని మూడుసార్లు 20 మి.లీ. చొప్పున డైఇథైల్ ఈథర్‌తో తీశారనుకోండి. ఈథర్ ఒక్కటే 43 గ్రాములు, అంటే గ్రాము ఉత్పత్తికి 21 గ్రాములకు పైగా. ఆ రియాక్షన్‌ని మొదటే 20 మి.లీ. ఇథనాల్‌లో చేసి వడపోసి ఉంటే తక్కువ చెత్త మిగిలేది. ప్రచురితమైన ఎన్నో పద్ధతుల మీద మా ప్రధాన అభ్యంతరం ఇదే: రియాక్షన్ సాల్వెంట్ మారింది గానీ, వర్కప్ (ఉత్పత్తిని వేరుచేసే పని) సాల్వెంట్ చెక్కుచెదరలేదు.

అయితే ఏ లిక్విడ్ వాడాలో ఎలా తేల్చుకోవాలి?

రియాక్షన్ ఏమిటన్నది రెండో ప్రశ్న. రియాక్షన్ అయ్యాక ఫ్లాస్కులో ఏమేం ఉంటాయి, ఒక్కొక్కటి ఏ దారిన బయటికి పోతుంది అన్నది ముందు రాసుకోండి. ఉత్పత్తి, నీరు, ఉప్పు, మిగిలిన ముడిపదార్థం, వీటన్నిటికీ దారి దొరికితేనే ఆ లిక్విడ్ తిరిగి వాడటానికి పనికొస్తుంది.

ఉత్పత్తి నాన్‌పోలార్ ద్రవమైతే, అంటే ఎస్టర్, ఈథర్, హైడ్రోకార్బన్ లాంటిదైతే, హైడ్రోజన్ సల్ఫేట్ ఆనయాన్ ఉన్న పోలార్ లిక్విడ్ వాడండి. ఉత్పత్తి తనంతట తాను పై లేయర్‌గా తేలుతుంది, వేరే సాల్వెంట్ అక్కర్లేదు. నీటిలో కరగని ఘనపదార్థమైతే నీటితో కలిసే లిక్విడ్ తీసుకోండి. చివర్లో నీళ్ళు పోస్తే ఉత్పత్తి అవక్షేపిస్తుంది, వడపోసి నీటిని ఆవిరి చేస్తే లిక్విడ్ తిరిగి చేతికొస్తుంది. నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి తక్కువేమీ కాదు కాబట్టి ఆ నీటిని కొలిచి పోయాలి, పంపు కింద పట్టకూడదు. ఉత్పత్తి 150 డిగ్రీల లోపు మరిగేదైతే వ్యాక్యూమ్‌లో నేరుగా లిక్విడ్ నుంచే డిస్టిల్ చేయడం అన్నిటికంటే శుభ్రమైన దారి.

రియాక్షన్‌లో ఉప్పు పుట్టేదైతే, అంటే బేస్ వాడి హైడ్రోజన్ హాలైడ్‌ను లాగేసే రకమైతే, నీటితో కలవని లిక్విడ్ కావాలి. లేదంటే ఆ ఉప్పుకి బయటపడే దారే ఉండదు. ఐదు సైకిళ్ళు (లిక్విడ్‌ను తిరిగి వాడే విడతలు) తిరిగేసరికి ఫ్లాస్కులో లిక్విడ్ కంటే ఉప్పే ఎక్కువవుతుంది.

మొదటిసారి చేసేవాళ్ళు ఏ లిక్విడ్‌తో మొదలుపెట్టాలి?

1-మిథైల్‌ఇమిడజోలియం హైడ్రోజన్ సల్ఫేట్. ఒక బేస్, ఒక ఆసిడ్ కలిపితే చాలు. ఆల్కైల్ హాలైడ్ అక్కర్లేదు, క్లోరైడ్ మలినం బెడద లేదు. అదే సాల్వెంట్, అదే ఆసిడ్ క్యాటలిస్ట్.

అర మోల్ చేయడానికి ఇవి కావాలి: 1-మిథైల్‌ఇమిడజోల్ 41.05 గ్రాములు, అంటే సుమారు 40 మి.లీ.; 98 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్ 50.0 గ్రాములు, అంటే సుమారు 27 మి.లీ.; డిస్టిల్డ్ వాటర్ 40 మి.లీ. మిథైల్‌ఇమిడజోల్ పసుపు పచ్చగా ఉంటే పొటాషియం హైడ్రాక్సైడ్ మీద వ్యాక్యూమ్‌లో డిస్టిల్ చేసి, రంగు లేనిదాన్ని తీసుకోండి. ఇక్కడ పోని రంగు ఆ తర్వాత పోదు.

250 మి.లీ. మూడు మెడల ఆర్‌బీ (గుండ్రటి అడుగున్న) ఫ్లాస్కులో మిథైల్‌ఇమిడజోల్, 20 మి.లీ. నీరు తీసుకుని ఐస్ బాత్‌లో 5 డిగ్రీల లోపుకి చల్లబరచండి. మిగతా 20 మి.లీ. నీటిని విడిగా చల్లబరిచి, అందులో ఆసిడ్‌ను కొద్దికొద్దిగా కలపండి. నీటిలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్ళు కాదు. ఈ పలచని ఆసిడ్‌ను డ్రాపింగ్ ఫన్నెల్‌తో గంటసేపు బొట్టుబొట్టుగా వదలండి. లోపలి ఉష్ణోగ్రత 15 డిగ్రీలు దాటకూడదు, దాటితే రంగు ఎక్కుతుంది. తర్వాత గది ఉష్ణోగ్రతలో రెండు గంటలు స్టర్ చేసి, రోటావాప్‌లో (ఫ్లాస్కును తిప్పుతూ వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసే పరికరంలో) 70–80 డిగ్రీల దగ్గర నీటిని తీసేయండి. బరువు స్థిరపడేదాకా వ్యాక్యూమ్‌లో ఉంచండి. లెక్క ప్రకారం 90.1 గ్రాములు రావాలి. 93 గ్రాములు వస్తే దిగుబడి బాగుందని సంబరపడకండి, అందులో మూడు గ్రాములు నీరు. ఇది తేమను బాగా పీలుస్తుంది కాబట్టి గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి.

ఆసిడ్‌ను మి.లీ.లలో కాకుండా తూచి తీసుకోవడం ముఖ్యం. ఒకటి రెండు శాతం ఆసిడ్ ఎక్కువైతే మొదటి సైకిల్ బ్రహ్మాండంగా నడుస్తుంది, ఎందుకంటే పని చేసింది విడి సల్ఫ్యూరిక్ ఆసిడ్. అది కొద్దికొద్దిగా ఖర్చయ్యేకొద్దీ 'క్యాటలిస్ట్ చచ్చిపోతోంది' అనిపిస్తుంది.

చేసుకున్నది సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

టైట్రేషన్ చాలు, ఎన్ఎంఆర్ (అణు నిర్మాణం చూపే పరీక్ష) కోసం వారం ఎదురు చూడనక్కర్లేదు. 0.360 గ్రాముల లిక్విడ్‌ను 50 మి.లీ. నీటిలో కరిగించి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ మీటర్ పెట్టి టైట్రేట్ చేయండి. 20 మి.లీ. దగ్గర మొదటి దూకు కనిపించాలి, అది హైడ్రోజన్ సల్ఫేట్ ప్రోటాన్. 40 మి.లీ. దగ్గర రెండోది, అది మిథైల్‌ఇమిడజోలియం ప్రోటాన్. దాని పీకేఏ (ఆమ్ల బలం కొలత) సుమారు 7 కాబట్టి రెండో దూకు మొదటి దానంత నిటారుగా ఉండదు. మొదటి భాగం రెండో భాగం కంటే ఎక్కువ ఉంటే ఆసిడ్ ఎక్కువైంది, తక్కువ ఉంటే బేస్ మిగిలింది. రెండూ సమానంగా ఉండి, రెండూ 20 మి.లీ. కంటే తక్కువైతే నీరు ఉంది.

నీటి శాతానికి కార్ల్ ఫిషర్ టైట్రేషన్. ఇంత ఆసిడ్ ఉన్న శాంపిల్‌ను నేరుగా వేస్తే రీడింగ్ తప్పుతుంది, ముందు ఇమిడజోల్ బఫర్ కలపాలి.

బీమిమ్ రకాలు కొన్నా, చేసుకున్నా చూడాల్సింది క్లోరైడ్. సిల్వర్ నైట్రేట్ పరీక్షలో తెల్లగా మారకపోయినంత మాత్రాన క్లోరైడ్ లేదని అనుకోవద్దు, పలాడియం క్యాటలిస్టును పాడుచేసేంత క్లోరైడ్ దాని కంటికి కనపడకపోవచ్చు. సరైన లెక్క అయాన్ క్రొమాటోగ్రఫీలో వస్తుంది. క్లోరైడ్ కొద్దిగా ఉన్నా చిక్కదనం బాగా పెరుగుతుందని 2000లో సెడ్డన్ బృందం చూపించింది. నీరు దానికి వ్యతిరేకం, కొద్దిగా ఉన్నా పలచన చేస్తుంది. పాత పేపర్లలో ఒకే లిక్విడ్‌కి రకరకాల చిక్కదనాలు కనిపించడానికి కారణం ఎక్కువగా ఈ రెండే.

పూర్తి కొలతలతో ఒక ఉదాహరణ చెబుతారా?

బ్యూటైల్ అసిటేట్. ఖరీదైనది కాదు, కానీ ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో ఇంత స్పష్టంగా చూపే రియాక్షన్ మరొకటి దొరకదు.

100 మి.లీ. ఆర్‌బీ ఫ్లాస్కులో 1-బ్యూటనాల్ 14.8 గ్రాములు (0.20 మోల్), గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్ 14.4 గ్రాములు (0.24 మోల్), పైన చేసిన లిక్విడ్ 7.2 గ్రాములు (0.04 మోల్) తీసుకోండి. రిఫ్లక్స్ కండెన్సర్ పెట్టి ఆయిల్ బాత్‌ను 90 డిగ్రీల దగ్గర ఉంచి, నాలుగు గంటలు గట్టిగా స్టర్ చేయండి. మొదట ఒకే లేయర్‌గా ఉంటుంది, తర్వాత మసకబారి రెండుగా విడిపోతుంది.

ఆ విడిపోవడంలోనే కిటుకు ఉంది. ఈ రియాక్షన్ సమతాస్థితి స్థిరాంకం సుమారు 4. అన్నీ ఒకే లేయర్‌లో కలిసి ఉంటే, అసిటిక్ ఆసిడ్ 1.2 రెట్లు వేసినా 72 శాతం దగ్గరే ఆగాలి. ఇక్కడ పుట్టిన నీరు కింది అయానిక్ లేయర్‌లోకి, ఎస్టర్ పై లేయర్‌లోకి పోతాయి కాబట్టి రియాక్షన్ ఆ హద్దు దాటి ముందుకెళ్తుంది. డీన్-స్టార్క్ (నీటిని వేరుచేసే గాజు అమరిక) పెట్టి టోలూయిన్‌తో నీటిని లాగే పనిని ఇక్కడ లిక్విడే చేస్తోంది.

చల్లబరిచి సెపరేటరీ ఫన్నెల్‌లో పోసి అరగంట వదిలేయండి. కింది లేయర్‌ను వేరు చేసి తూచండి. పై లేయర్‌ను నేరుగా బైకార్బొనేట్‌తో కడగొద్దు. ముందు 3 మి.లీ. నీటితో ఒకసారి కుదిపి, ఆ నీటిని కింది లేయర్‌లో కలిపేయండి. ఎస్టర్‌తో పాటు పైకి పోయిన లిక్విడ్ అలా వెనక్కి వస్తుంది. ఆ తర్వాతే 5 శాతం సోడియం బైకార్బొనేట్ 15 మి.లీ., చివర్లో ఉప్పునీరు 10 మి.లీ. తేమ తీసి డిస్టిల్ చేస్తే బ్యూటైల్ అసిటేట్ 126 డిగ్రీల దగ్గర వస్తుంది. పై లేయర్‌తో ఎంత లిక్విడ్ పోయిందో చూడాలంటే, బైకార్బొనేట్ నీటిని హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో ఆమ్లం చేసి బేరియం క్లోరైడ్ వేయండి. తెల్లటి అవక్షేపం వస్తే సల్ఫేట్ జారిపోతోందన్నమాట.

కింది లేయర్‌ను పెద్ద ఫ్లాస్కులోకి మార్చి రోటావాప్‌లో 80 డిగ్రీల దగ్గర, 20 మిల్లీబార్ కంటే తక్కువ పీడనంలో రెండు గంటలు తిప్పండి. చిన్న ఫ్లాస్కులో పొర మందంగా ఉండి నీరు బయటికి రాదు. మిగిలిన దాన్ని తూచి, టైట్రేట్ చేసి, తరిగినంత కొత్తది కలిపి తర్వాతి సైకిల్‌కి వాడండి. బరువులో కొంత భాగం అసిటిక్ ఆసిడ్ అయి ఉండొచ్చు, అది ఎలాగూ తర్వాతి సైకిల్‌లో కావాల్సిందే.

ఉష్ణోగ్రత పెంచి తొందరగా ముగిద్దామనుకోకండి. 120 డిగ్రీలు దాటితే డైబ్యూటైల్ ఈథర్ పుట్టడం మొదలవుతుంది. బ్యూటనాల్ హైడ్రోజన్ సల్ఫేట్‌తో కలిసి బ్యూటైల్ సల్ఫేట్‌గా మారితే క్యాటలిస్ట్ ఆమ్లత్వం కూడా తగ్గుతుంది.

రెండో, మూడో సైకిల్‌కే దిగుబడి పడిపోతోంది. ఎందుకు?

పై ఉదాహరణలో అయితే దాదాపు ఎప్పుడూ నీరే కారణం. ఒక్కో సైకిల్‌కి మూడు గ్రాములకు పైగా నీరు పుడుతుంది, ఉన్న లిక్విడ్ ఏడు గ్రాములు. ఆరబెట్టకుండా మళ్ళీ వాడితే రెండో సైకిల్ మొదలయ్యేసరికే సమతాస్థితి వెనక్కి జరిగి ఉంటుంది, పైగా నీరు ఆమ్లత్వాన్ని పలచన చేస్తుంది.

ఆరబెట్టినా తగ్గుతుంటే టైట్రేషన్ చూడండి. తిరిగి వచ్చిన మొత్తం బరువుకి లెక్క కట్టినప్పుడు రెండు దూకులూ సమానంగా తగ్గితే లిక్విడ్ మొత్తంగా జారిపోతోంది. మొదటిది మాత్రమే తగ్గితే ఆమ్లం ఖర్చవుతోంది, అంటే ఎక్కడో బేస్ కలుస్తోంది లేదా సల్ఫేట్ ఎస్టర్ అవుతోంది. ముడిపదార్థంలో అమీన్ మలినం ఉంటే అది ప్రతి సైకిల్‌కీ కొంత ఆమ్లాన్ని కట్టేస్తుంది. బైకార్బొనేట్ కడిగిన సెపరేటరీ ఫన్నెల్‌నే కడగకుండా మళ్ళీ వాడటం కూడా ఈ తంటా తెస్తుంది.

రెండు లేయర్లు విడిపోవట్లేదు, మధ్యలో మసక పొర నిలిచిపోతోంది. ఏం చేయాలి?

50 డిగ్రీల దాకా వేడి చేసి వదిలేయండి. అయానిక్ లిక్విడ్లు చల్లగా ఉన్నప్పుడు ఆముదంలా చిక్కగా ఉంటాయి, అందులో ఇరుక్కున్న ఎస్టర్ బొట్లు పైకి రావడానికి గంటలు పడుతుంది. కొద్ది డిగ్రీల వేడికే చిక్కదనం సగానికి పడిపోతుంది. మసక పొరలో నల్లటి నలుసులు కనిపిస్తే అవి తారు లాంటి ఉపోత్పత్తులు, సెలైట్ (వడపోతకు వాడే పొడి) గుండా వడపోస్తేనే విడతాయి. ముడిపదార్థం ఎక్కువ మిగిలినా లేయర్లు విడవవు: బ్యూటనాల్ రెండు లేయర్లలోనూ కరుగుతుంది కాబట్టి, విడవకపోవడం రియాక్షన్ పూర్తవలేదనడానికి గుర్తు కూడా.

ఉప్పు వేసి విడగొట్టే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. సోడియం క్లోరైడ్ వేస్తే లేయర్లు విడతాయి, కానీ ఆ క్లోరైడ్ లిక్విడ్‌లోనే స్థిరపడుతుంది.

బేస్ వాడే రియాక్షన్లకి ఇమిడజోలియం లిక్విడ్ వాడొచ్చా?

జాగ్రత్తగా. ఇమిడజోలియం రింగులో రెండో స్థానంలోని హైడ్రోజన్ ఆమ్లత్వం ఉన్నది. బేస్ దాన్ని లాగేస్తే కార్బీన్ (చాలా చురుకైన కార్బన్ రూపం) పుడుతుంది, అది ఊరుకోదు. బేలిస్-హిల్‌మన్ రియాక్షన్‌ను బీమిమ్ క్లోరైడ్‌లో చేస్తే, లిక్విడే బెంజాల్డిహైడ్‌తో కలిసిపోతోందని 2002లో అగర్వాల్ బృందం చూపించింది. ఆల్డిహైడ్ తరిగిపోతోంది, ఉత్పత్తి రావట్లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. బలహీనమైన బేస్‌తో, తక్కువ వేడితో చేసే నోవెనాగెల్ రియాక్షన్ లాంటివి సాధారణంగా ఇబ్బంది పెట్టవు. గట్టి బేస్ తప్పనిసరైతే రెండో స్థానంలో మిథైల్ ఉన్న ఇమిడజోలియం, పిరోలిడినియం, లేదా ఫాస్ఫోనియం రకాలు చూడండి. మిథైల్ ఉన్నదైనా మరీ బలమైన బేస్‌కి లొంగుతుంది.

పలాడియం రియాక్షన్లలో క్యాటలిస్ట్ కూడా లిక్విడ్‌తో పాటే తిరిగి వస్తుందంటారు. ఎంతవరకు నమ్మాలి?

హెక్ రియాక్షన్ దీనికి మంచి నమూనా. అయొడోబెంజీన్, ఇథైల్ అక్రిలేట్, పలాడియం అసిటేట్, ట్రైఇథైల్‌అమీన్ బీమిమ్ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌లో వేసి వేడి చేస్తే సినమేట్ వస్తుంది. 1999లో బెల్ఫాస్ట్ నుంచి వచ్చిన పద్ధతిలో అందం ఏమిటంటే చివర్లో మూడు లేయర్లు: పైన సైక్లోహెక్సేన్‌లో ఉత్పత్తి, మధ్యలో నీటిలో ఉప్పు, కింద పలాడియంతో సహా అయానిక్ లిక్విడ్. దేని దారి దానిదే.

అసలు పరీక్ష ఆ నీటి కడుగుడు దగ్గర మొదలవుతుంది. ఈ లిక్విడ్ నీటిలో సుమారు 2 శాతం కరుగుతుంది. పది గ్రాముల లిక్విడ్‌ను మూడుసార్లు 10 మి.లీ. నీటితో కడిగితే 0.6 గ్రాములు, అంటే 6 శాతం ఒక్క సైకిల్‌లో పోయినట్టే. పైగా పుట్టిన అయొడైడ్ ఆనయాన్ మార్పిడి చేసుకుంటే, బీమిమ్ అయొడైడ్ రూపంలో కాటయాన్ నీటిలోకి జారుతుంది. బిస్ ట్రైఫ్లోరోమిథైల్‌సల్ఫొనైల్ ఇమైడ్ ఆనయాన్ ఉన్నవి నీటిలో ఇంతకంటే తక్కువ కరుగుతాయి, పలచగా కూడా ఉంటాయి. కానీ ఖరీదు ఎక్కువ.

పలాడియం మిగిలిందా అన్నది దిగుబడి చూసి చెప్పలేం. సైక్లోహెక్సేన్ లేయర్‌ను ఆవిరి చేసి, మిగిలినదాన్ని ఐసీపీలో (లోహాల మోతాదు కొలిచే పరికరంలో) చూడాలి. ఫ్లాస్కు గోడల మీద నల్లటి పూత కనిపిస్తే పలాడియం లోహంగా బయటపడిందని అర్థం, అది లిక్విడ్‌తో తిరిగి రాదు.

లిక్విడ్ గోధుమ రంగులోకి మారింది. పారేయాలా?

రంగు మారినంత మాత్రాన పారేయకండి. మిలియన్‌లో కొన్ని పాళ్ళ మలినం చాలు ముదురు రంగు రావడానికి, రియాక్షన్‌కి దానితో పని లేదు. రంగు పోవాల్సిందే అంటే సమాన బరువు నీటితో పలచన చేసి, 3 శాతం యాక్టివేటెడ్ చార్‌కోల్ వేసి 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు తిప్పి, సెలైట్ గుండా వడపోసి ఆరబెట్టండి. చార్‌కోల్ కూడా కొంత లిక్విడ్‌ను పీల్చుకుంటుంది. అందుకే ప్రతి సైకిల్‌కీ ఇది చేయడం దండగ.

రియాక్షన్‌ను టీఎల్‌సీ (పలుచటి పొర క్రొమాటోగ్రఫీ), జీసీలో (గ్యాస్ క్రొమాటోగ్రఫీలో) ఎలా చూడాలి?

నేరుగా జీసీలోకి ఎక్కించకండి. లిక్విడ్ ఆవిరి కాక లైనర్‌లోనే పేరుకుని, తర్వాతి శాంపిళ్ళన్నీ పాడు చేస్తుంది. రెండు చుక్కల మిశ్రమాన్ని 1 మి.లీ. హెక్సేన్‌తో కుదిపి, పై లేయర్‌ను చిన్న సిలికా ప్లగ్ గుండా పంపి ఎక్కించండి. టీఎల్‌సీలో లిక్విడ్ బేస్‌లైన్ దగ్గరే మచ్చగా నిలుస్తుంది, స్పాట్ పెద్దగా పెడితే తోక లాగుతుంది. ఎన్ఎంఆర్‌లో డ్యుటీరియం ఉన్న నీరు, మిథనాల్ వాడితే రెండో స్థానంలోని హైడ్రోజన్ సిగ్నల్ మెల్లగా మాయం కావొచ్చు. అది కుళ్ళిపోవడం కాదు, మార్పిడి.

పీఎఫ్6 (హెక్సాఫ్లోరోఫాస్ఫేట్), బీఎఫ్4 (టెట్రాఫ్లోరోబోరేట్) రకాలు ప్రమాదమా?

నీరు, ఆసిడ్, వేడి మూడూ కలిసిన చోట అవును. ఆ ఆనయాన్లు జలవిశ్లేషణ చెంది హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను వదులుతాయి. బీఎఫ్4 ఇంకా త్వరగా లొంగుతుంది. ఫ్లాస్కు లోపలి గాజు మసకబారుతుంటే అదే సూచన, వెంటనే ఆపండి. హైడ్రోజన్ ఫ్లోరైడ్ చర్మం మీద మొదట నొప్పి లేకుండానే లోపలికి దిగుతుంది. ఈ లిక్విడ్లను వేడి చేసే ల్యాబ్‌లో కాల్షియం గ్లూకొనేట్ జెల్ చేతికందే చోట ఉండాలి. ఎస్టరిఫికేషన్‌కి వీటిని వాడాల్సిన అవసరం ఏమాత్రం లేదు.

ఎన్నిసార్లు తిరిగి వాడగలిగితే గ్రీన్ అనొచ్చు?

సంఖ్య కంటే ఒక్కో సైకిల్‌కి ఎంత పోతోందన్నది ముఖ్యం. ప్రతిసారీ 97 శాతం తిరిగి వచ్చినా పది సైకిళ్ళకి 74 శాతమే మిగులుతుంది. నాలుగో వంతు ఎక్కడో నీటిలోకి, ఉత్పత్తిలోకి పోయిందన్నమాట.

రీసైకిల్ పట్టికల్లో 95, 94, 94, 93, 93 అని దిగుబడులు చూసి మోసపోకండి. గంటలో పూర్తయ్యే రియాక్షన్‌ను ఆరు గంటలు నడిపితే, క్యాటలిస్ట్ సగం చచ్చినా దిగుబడి 94 చూపిస్తుంది. నిజం తెలియాలంటే ప్రతి సైకిల్‌నీ మధ్యలో, కన్వర్షన్ 30–40 శాతం ఉండే సమయంలో ఆపి పోల్చాలి. కొత్త లిక్విడ్‌తో ఇరవై నిమిషాలకి 35 శాతం వచ్చి, ఐదోసారి అదే ఇరవై నిమిషాలకి 20 వస్తే, అప్పుడు తెలుస్తుంది సంగతి.

మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ చాలా వేగంగా వేడెక్కుతుంది. చిక్కగా ఉండటం వల్ల అక్కడక్కడ మరీ వేడెక్కి కుళ్ళిపోతుంది. తక్కువ వాట్లలో, స్టరింగ్‌తో, ఫైబర్ ఆప్టిక్ థర్మామీటర్‌తో మాత్రమే.

పరిశ్రమలో నిజంగా ఎవరైనా వాడుతున్నారా?

వాడుతున్నారు, అయితే పేపర్లలో కనిపించే రకంలో కాదు. జర్మనీలో బీఏఎస్ఎఫ్ 2002లో మొదలుపెట్టిన బేసిల్ ప్రక్రియ అన్నిటికంటే చదవదగ్గది. ఆల్కాక్సీఫినైల్‌ఫాస్ఫీన్లు చేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్‌ను పట్టడానికి ముందు ట్రైఇథైల్‌అమీన్ వాడేవారు. దాని ఉప్పు ఘనం కాబట్టి రియాక్టర్‌లో గంజి అయి కూర్చునేది. దాని బదులు 1-మిథైల్‌ఇమిడజోల్ వేస్తే పుట్టే ఉప్పు 75 డిగ్రీలకే కరిగి కింద ద్రవంగా చేరుతుంది. వడపోత పని లేదు, లేయర్ వేరు చేయడమే. ఆ ఉప్పును సోడియం హైడ్రాక్సైడ్‌తో విడగొట్టి మిథైల్‌ఇమిడజోల్‌ను మళ్ళీ వాడతారు. అయానిక్ లిక్విడ్‌ను సాల్వెంట్‌గా తెచ్చి పోయలేదు, పుట్టే చెత్తనే అయానిక్ లిక్విడ్ అయ్యేలా చూసుకున్నారు.

పెట్రోలియంలో క్లోరోఅల్యూమినేట్ రకాలు, అంటే అల్యూమినియం క్లోరైడ్‌తో చేసినవి, నడుస్తున్నాయి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ రిఫైనరీలో షెవ్రాన్ 2021లో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఆల్కైలేషన్ స్థానంలో దాన్ని పెట్టింది.

హైదరాబాద్, విశాఖ బల్క్ డ్రగ్ యూనిట్లలో దీనికి చోటు ఉందా?

ఉంది, కానీ ఎక్కడ వాడకూడదో ముందు చెప్పాలి. ఏపీఐ (మందులోని అసలు పదార్థం) చివరి స్టేజ్‌లో వద్దు. ఐసీహెచ్ క్యూ3సీ (మందుల్లో మిగిలే సాల్వెంట్లకు హద్దులు పెట్టే అంతర్జాతీయ మార్గదర్శకం) సాల్వెంట్ జాబితాలో అయానిక్ లిక్విడ్లకి హద్దులు లేవు. డీఎంఎఫ్ అనే సాల్వెంట్‌కైతే 880 పీపీఎమ్ అని గీత ఉంది. గీత లేని పదార్థానికి టాక్సికాలజీ మీరే సమర్థించుకోవాలి, ఆవిరి కాదు కాబట్టి డ్రయర్‌లో పోదు కూడా. ముందు స్టేజ్‌లలో, తర్వాత కనీసం రెండు క్రిస్టలైజేషన్లు ఉన్న చోట ఆలోచించండి.

రెండోది ఎఫ్లుయెంట్ (బయటికి పోయే వ్యర్థ జలం). జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ యూనిట్లలో హై టీడీఎస్ (కరిగిన లవణాలు ఎక్కువున్న) నీరు స్ట్రిప్పర్, ఎంఈఈ (నీటిని ఆవిరి చేసే యూనిట్), ఏటీఎఫ్‌డీ (మిగిలిన ఉప్పును ఆరబెట్టే యంత్రం) దారిన పోతుంది. సాల్వెంట్ స్ట్రిప్పర్‌లో పైకి పోతుంది, అయానిక్ లిక్విడ్ పోదు. అది ఎంఈఈలో కాన్సన్‌ట్రేట్ అయి, ఏటీఎఫ్‌డీ ఉప్పును జిగటగా, ఆరనిదిగా మారుస్తుంది. కాబట్టి కడిగిన నీళ్ళు ఎంత, అందులో లిక్విడ్ ఎంత అన్నది కిలో ల్యాబ్ దశలోనే లెక్క కట్టండి.

మూడోది రియాక్టర్. వేడి హైడ్రోజన్ సల్ఫేట్ లిక్విడ్ ఎస్ఎస్ 316 స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కూడా తింటుంది, గ్లాస్‌లైన్డ్ తప్పదు. చిక్కదనం వల్ల జాకెట్ నుంచి వేడి అందడం ఆలస్యమవుతుంది, ఆసిడ్ కలిపే వేగాన్ని ల్యాబ్ లెక్కతో పెంచకూడదు. బీమిమ్ లవణాలను సొంతంగా చేసుకునేవాళ్ళు మరీ జాగ్రత్త పడాలి: మిథైల్‌ఇమిడజోల్, బ్యూటైల్ బ్రోమైడ్ మొత్తం ఒకేసారి పోసి వేడి చేస్తే, మొదట నెమ్మదిగా ఉండి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. బ్రోమైడ్‌ను కొద్దికొద్దిగానే పోయాలి.

ఈ ప్రాంతానికి విషయం కొత్తదేమీ కాదు. 2000 తర్వాతి దశాబ్దంలో హైదరాబాద్ ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) నుంచి అయానిక్ లిక్విడ్లలో చేసిన రియాక్షన్ల మీద చాలా పేపర్లు వచ్చాయి. ల్యాబ్ నుంచి ప్లాంట్‌కి దారిలో ఆగేది ఎక్కువగా పైన చెప్పిన ఎఫ్లుయెంట్ లెక్క దగ్గరే.

ఖరీదు సంగతి?

ఆనయాన్‌ని బట్టి ఉంటుంది. ఫ్లోరిన్ ఉన్నవి ఖరీదు. ట్రైఇథైల్‌అమోనియం హైడ్రోజన్ సల్ఫేట్‌ను పెద్ద ఎత్తున చేస్తే కిలో 1.24 డాలర్లకి రావచ్చని లండన్ ఇంపీరియల్ కాలేజ్ బృందం 2014లో అంచనా వేసింది. పోల్చేటప్పుడు మాత్రం కొత్త టోలూయిన్ ధరతో కాదు, మీ ప్లాంట్‌లో డిస్టిల్ చేసి తిరిగి వాడుతున్న టోలూయిన్ ధరతో పోల్చండి.

విషతుల్యత ఎంత?

ఆల్కైల్ గొలుసు పొడవు పెరిగేకొద్దీ నీటి జీవులకు విషం పెరుగుతుంది. ఆక్టైల్ ఉన్నది బ్యూటైల్ ఉన్నదానికంటే చాలా ఎక్కువ. పొట్టి గొలుసు ఇమిడజోలియం లవణాలు అంత విషం కాకపోయినా సూక్ష్మజీవులు వాటిని సులువుగా విడగొట్టలేవు, నేలలో నిలిచిపోతాయి. ట్రైఫ్లోరోమిథైల్ గుంపులున్న ఆనయాన్లు ఓఈసీడీ 2021 నిర్వచనం ప్రకారం పీఫాస్ (ప్రకృతిలో తేలిగ్గా విడిపోని ఫ్లోరిన్ రసాయనాలు) కిందికి వస్తాయి. ఐరోపాకి ఎగుమతి చేసేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకుని ఎంచుకోవాలి.

కోలీన్ క్లోరైడ్, యూరియా మిశ్రమం దీనికి బదులు వాడొచ్చా?

చాలా చోట్ల వాడొచ్చు. కోలీన్ క్లోరైడ్ 139.6 గ్రాములు, యూరియా 120.1 గ్రాములు 80 డిగ్రీల దగ్గర కలిపితే స్వచ్ఛమైన ద్రవం అవుతుంది. చవక, చేయడం తేలిక. తిరిగి వాడేటప్పుడు రెండు లోపాలు: నీటితో పలచన చేసి వేడి మీద ఆరబెడితే యూరియా కొంత అమోనియాగా పోతుంది, ఆసిడ్ రియాక్షన్లలో కోలీన్ తన ఆల్కహాల్ గుంపుతో ఎస్టర్ అవుతుంది. అందుకని ప్రతి సైకిల్ తర్వాత నిష్పత్తి సరిచూడాలి.

ఇక వాడలేని లిక్విడ్‌ను ఏం చేయాలి?

సింక్‌లో పోయొద్దు, ఆర్గానిక్ సాల్వెంట్ డబ్బాలోనూ కలపొద్దు. ఫ్లోరిన్ ఉన్నవి విడిగా, లేనివి విడిగా పెట్టి, ప్రమాదకర వ్యర్థాలుగా రాసి, దుండిగల్, పరవాడల్లో ఉన్నలాంటి అనుమతి పొందిన కేంద్రానికి పంపాలి. ట్రైఇథైల్‌అమోనియం హైడ్రోజన్ సల్ఫేట్ అయితే పంపేముందు చల్లగా ఉంచి 30 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌ను మెల్లగా కలపండి, మోల్‌కి రెండు మోళ్ళకు కాస్త పైన. ట్రైఇథైల్‌అమీన్ పై లేయర్‌గా తేలుతుంది. వేరు చేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ మీద ఆరబెట్టి డిస్టిల్ చేస్తే 89 డిగ్రీల దగ్గర వచ్చేదాన్ని తూచిన సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో కలిపి మళ్ళీ లిక్విడ్ చేసుకోవచ్చు. కింద మిగిలేది సోడియం సల్ఫేట్ నీరు, అందులో మిగిలిన అమీన్ వాసన పోయేదాకా స్ట్రిప్ చేసి హై టీడీఎస్ ట్యాంకుకి పంపండి.